కత్తిపీట మీద గుంట

చర్ల,
14 జూలై 2024

పిన్నికి, మనోజ్ఞ నమస్కారాలు.

ఫోన్ ఎందుకు కలవడం లేదని బాబాయి విసుక్కుంటూ ఉంటాడు. వాన మొదలైతే ఇక్కడ టవర్ పడుకుంటుంది. బడి మెట్ల మీద నిలబడి చెయ్యి పైకెత్తితే ఒక గీత వస్తుంది, "హలో" అనేలోపు పోతుంది. నువ్వు కూడా ఫోన్‌లో "తిన్నావా, పడుకున్నావా" తప్ప ఇంకేమీ మాట్లాడవు. అందుకే ఉత్తరం. ఆర్టీసీ కార్గోలో వేస్తే భద్రాచలం మీదుగా వచ్చేస్తుందట.

డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం బాగానే ఉంది. ఆశ్రమ పాఠశాల పిల్లలంతా చుట్టూ అడవి ఊళ్ళ వాళ్ళు. మొదట్లో నా ముందు నోరు విప్పలేదు, ఇప్పుడు మూయించడం కష్టంగా ఉంది. నాకిచ్చిన క్వార్టర్‌లో ఒక గది, వంటకు ఒక గట్టు. హాస్టల్లో వంట చేసే మంగ్లి పొద్దున్నే తొంగిచూసి, "ఏంది టీచరమ్మా, పొయ్యి ఇంకా ముట్టియ్యలే? మీ అమ్మ నీకు వంట నేర్పలేదా?" అంటుంది. మా పిన్ని నేర్పిందని చెప్పాను. "గట్లయితే మీ పిన్నిదే తప్పు" అంది.

ఒక పని చేసిపెట్టు పిన్నీ. అమ్మ వాడిన వంట సామాను నాకు పంపు. కవ్వం, పప్పుగుత్తి, పులుసు చట్టి, కత్తిపీట. కొత్త వంటిల్లు కట్టించినప్పుడు అన్నీ అటక మీదికి చేర్చావు కదా. మిగతావి కుదరకపోయినా కత్తిపీట మాత్రం తప్పకుండా పంపు. బరువని మానెయ్యకు.

నీ
మనోజ్ఞ


పెనుబల్లి,
22 జూలై 2024

మనోజ్ఞను పిన్ని, బాబాయి దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం చేరింది. గోదావరి పెరుగుతోందని టీవీలో చెప్తున్నారు, నువ్వు ఏరు దాటే పనులేవీ పెట్టుకోకు. ఇక్కడ పామాయిల్ గెలలు కోయడానికి మనుషులు దొరక్క బాబాయి పొద్దంతా తోటలోనే ఉంటున్నాడు.

నీకు వంట సామాను కావాలంటే ఆ సంగతి నోరు తెరిచి అడగాలా అమ్మా? ఉద్యోగంలో చేరేటప్పుడే నేను చూసుకోవలసింది. కార్గోలో పెట్టె పంపుతున్నాను. చిన్న కుక్కర్, మిక్సీ, మూతలున్న స్టీలు డబ్బాలు, కూరలు తరుక్కునే చాకు, దానికి చెక్క. డబ్బాల లోపల పోపు దినుసులు పోసి ఉంచాను, ఖాళీ అనుకొని దులపకు. విప్పేటప్పుడు ఒక్కొక్కటీ సరిచూసుకో. కుక్కర్ గుండు పప్పుల డబ్బాలో ఉంది.

అటక మీద పాతవి ఎందుకు? మసి పట్టి, నొక్కులు పడి ఉన్నాయి. తల్లి లేని పిల్లకు పిన్ని అటక సామాను కట్టి పంపిందని నలుగురూ అనుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ మంగ్లికి కూడా చూపించు, మా పిన్ని పంపిందని.

పిన్ని
ప్రమీలారాణి


చర్ల,
5 ఆగస్టు 2024

పిన్నీ,

పెట్టె వచ్చింది. గుండు దొరికింది. మంగ్లి కుక్కర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "మీ పిన్ని తప్పేం లేదు, నీదే" అని తీర్పు మార్చేసింది. నీకు చాలా ఖర్చు పెట్టించాను. కానీ నేను అడిగింది వండుకోవడానికి కాదు. బొమ్మలు వేయడానికి.

జూన్‌లో ఎనిమిదో తరగతి పిల్లలను మీ వంటింటిలోని వస్తువు ఒకటి గీయమన్నాను. అందరూ గ్యాస్ పొయ్యి, మిక్సీ గీశారు. సగం మంది ఇళ్ళలో అవి లేవు. ఒక అమ్మాయి పుస్తకంలో చూసి ఫ్రిజ్ గీసింది. వాళ్ళ ఇంట్లో కరెంటు ఉంటుందో ఉండదో. నాకు బాధ కలిగింది. అందుకని మన పులుసు చట్టిని జ్ఞాపకం మీద బొగ్గుతో, కాస్త ఎర్రసుద్దతో పెద్దగా గీసి వరండాలో తగిలించాను. కింద "నేను పెరిగిన వంటిల్లు" అని రాశాను. చట్టి అడుగున మసి పొరలు పొరలుగా లేచి, ఒక పక్క మంట నాకిన చోట ఎర్రగా ఉండేది చూడు, అదంతా వచ్చింది. నిజంగా చూస్తే అంత అందమైన నలుపు ఏ రంగు డబ్బాలోనూ లేదు పిన్నీ.

తర్వాతి వారం ఆ ఫ్రిజ్ అమ్మాయి ఇంటి నుంచి సొరకాయ బుర్ర తెచ్చింది. నీళ్ళు తాగేది. చేతులు తగిలి తగిలి మెడ దగ్గర పసుపు నిగ్గు తేలింది. దాన్ని గీసి నా టేబుల్ మీద పెట్టి పారిపోయింది.

డిసెంబర్‌లో ఖమ్మంలో టీచర్లవీ పిల్లలవీ చిత్రాల ప్రదర్శన ఉంది. నేను అమ్మ బొమ్మ వేయాలనుకుంటున్నాను. అమ్మది మన దగ్గర ఉన్నది రేషన్ కార్డు ఫోటో ఒక్కటే. అందులో ఎవరో అరిచినట్టు భయపడి చూస్తుంటుంది. అది అమ్మ కాదు. కత్తిపీట పంపు. అమ్మను దానితోనే వేస్తాను.

మనోజ్ఞ


పెనుబల్లి,
13 ఆగస్టు 2024

మనోజ్ఞకు,

నీ ఉత్తరం రాకముందే సంగతి ఊరంతా తెలిసింది. మీ బడిలో ఎవరో నీ బొమ్మను ఫేస్‌బుక్‌లో పెట్టారట. ఎదురింటి పుష్పలత ఫోన్ పట్టుకొని వచ్చి, పది మంది ఆడవాళ్ళు చీటీ పాటకు కూర్చున్న చోట, "వదినా, గిది మీ చట్టే కదా? కింద పేరు గూడ రాసింది మీ పిల్ల. గింత మసి మీద అన్నం తిని గా పిల్ల టీచరైందంటే గొప్పే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపలికి వచ్చి సింకు దగ్గర కుళాయి తిప్పి ఊరికే నిలబడ్డాను.

నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు మా అక్క పోయింది. ఆ రోజు నుంచీ ఈ ఇంట్లో ఏ గిన్నె ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. నీ గ్లాసు వేరే ఎవరూ ముట్టలేదు. సబ్బు, సున్నిపిండి, బడి ఫీజు దేనికీ నువ్వు అడిగే దాకా ఆగలేదు. అవేవీ నీకు బొమ్మగా కనబడలేదు. మసి చట్టి కనబడింది. అదే నేను నిన్ను పెంచిన వంటిల్లని రాసి తగిలించావు.

కోపంతో రాయడం లేదు. తలెత్తుకొని గుమ్మం దాటలేకపోతున్నాను, అంతే.

కత్తిపీట సంగతి చూస్తాను. ఉన్నది ఉన్నట్టుగా మాత్రం నా చేత్తో పంపలేను.

పిన్ని


చర్ల,
24 ఆగస్టు 2024

పిన్నీ,

నా బొమ్మ నిన్ను ఏడిపించిందని తెలిసి నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. నేను చెప్పాలనుకున్నది అది కాదు. వరండాలో నుంచి తీసేశాను. పిల్లలు ఎందుకు తీశారని అడిగితే పాఠం మొదలుపెట్టాను. సొరబుర్ర అమ్మాయి తన బొమ్మను కూడా వెనక్కి తీసుకుపోయింది.

కానీ ఒక్క మాట. "చూస్తాను" అన్నావు. కత్తిపీట ఉందా, లేదా? పాత సామాన్ల వాళ్ళకు వేసేసి ఉంటే అదైనా చెప్పు. నీకు సిగ్గనిపించే వస్తువులు నాకు మా అమ్మవి. వాటి మీద నాకు హక్కుందనుకుంటున్నాను.

మనోజ్ఞ


పెనుబల్లి,
9 సెప్టెంబర్ 2024

మనోజ్ఞకు,

హక్కు అనే మాట ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ వాడలేదు. బాబాయికి చదివి వినిపించేటప్పుడు ఆ ముక్క వదిలేశాను. నేను వదిలేశానని ఆయనకు తెలిసింది. "చదువు పూర్తిగా" అన్నాడు. చదివాక లేచి తోటకు పోయాడు.

నీ కత్తిపీట ఈ పెట్టెలో ఉంది. పాత సామాన్ల వాళ్ళకు నేను దేన్నీ వెయ్యలేదు. విప్పి చూసి నువ్వే సంతోషిస్తావు. వడ్రంగి ముసలయ్య దగ్గరికి స్వయంగా మోసుకెళ్ళాను. పీట ఎంత అరిగిపోయిందో, చీలిన చోట మీ తాత కొట్టించిన రేకు ఎంత తుప్పు పట్టిందో చూస్తే నాకే తల కొట్టేసినట్టయింది. "ఖమ్మంలో పెద్దవాళ్ళు చూస్తారయ్యా, దగ్గరుండి చేయించుకుంటాను" అన్నాను. ముసలయ్య, "ఫికర్ చెయ్యకమ్మా, కత్తిపీటను పెండ్లిపీట లెక్క చేసిస్త" అన్నాడు. అన్నట్టే చేశాడు. రేకు పీకేసి చీలిక పూడ్చాడు. గుంటలూ గాట్లూ పోయే దాకా రంధా పట్టి చదును చేసి, వార్నిష్ రెండు పూతలు వేశాడు. కత్తికి సాన పట్టాడు. అద్దంలా ఉంది. పుష్పలతకు చూపించాను. "కొత్తదా వదినా?" అంది.

ఇప్పుడు గీసుకో. అక్క బొమ్మ నలుగురి ముందూ గౌరవంగా ఉండాలనే ఇదంతా. కవ్వం, పప్పుగుత్తి చింతపండు పెట్టి తోమి పంపాను.

పిన్ని


చర్ల,
2 అక్టోబర్ 2024

పిన్నికి నమస్కారాలు.

కత్తిపీట చేరింది. వెంటనే రాయలేకపోయాను.

తప్పు నాది. ఎందుకు అడుగుతున్నానో మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. రాస్తే బొమ్మ వేయకముందే దిష్టి తగిలినట్టవుతుందని దాచుకున్నాను.

అమ్మ కూర తరుగుతుంటే నేను ఎదురుగా నేల మీద కూర్చునేదాన్ని. అంత చిన్నదాన్ని, ముఖం నాకు పైన ఎక్కడో ఉండేది. కళ్ళ ముందు ఉండేది కాలు. పీట కదలకుండా కుడికాలు దాని మీద అదిమి పెట్టేది. అమ్మ ముఖం ఎంత గుర్తు చేసుకున్నా రేషన్ కార్డు ముఖమే వస్తుంది. కాలు మాత్రం గుర్తుంది. ఆ కాలు పెట్టీ పెట్టీ పీట మీద గుంట పడింది కదా, మడమ దగ్గర లోతుగా, వేళ్ళ దగ్గర పలచగా. అమ్మ లేచి వెళ్ళిపోయినా కాలు అక్కడ వదిలి వెళ్ళిందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ గుంటను వేద్దామనుకున్నాను. అమ్మ బొమ్మ అంటే అదే.

కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. పీట చాలా నున్నగా ఉంది పిన్నీ. ట్యూబులైటు అందులో కనబడుతోంది.

నీ మీద కోపం లేదు. హక్కు అని రాసినందుకు క్షమించు.

మనోజ్ఞ


పెనుబల్లి,
11 అక్టోబర్ 2024

అమ్మా మనోజ్ఞా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

నీ ఉత్తరం చదివి చెప్పులు వేసుకొని ముసలయ్య దగ్గరికి పోయాను. ఏం అడుగుదామని పోయానో నాకే తెలియదు. రంధా పట్టినప్పుడు లేచిన పొట్టు ఉందా అన్నాను. "గది ఇంక యాడుంటదమ్మా, నీళ్ళ పొయ్యిల పెట్టినం" అన్నాడు. మళ్ళీ గుంట తొలవగలవా అని అడిగాను. మనిషి మంచివాడు, నవ్వలేదు. "ఉలితోని తొలుస్త. ఎవరి కాలు సైజో జెప్పు" అన్నాడు. వెనక్కి తిరిగాను. దారిలో పుష్పలత పలకరిస్తే వినబడనట్టు వచ్చేశాను.

నువ్వు కోపగించుకున్నా బాగుండేది. "తప్పు నాది" అని రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి వంటింట్లో ఏ వస్తువు ముట్టుకున్నా సిగ్గేస్తోంది. ఈ గ్రానైటు గట్టు, ఈ అరలు, అన్నీ తుడిచి తుడిచి మెరిపించేది నేనే. శుభ్రం చేయడం తప్ప నాకు ఇంకేమీ చేతకాదు. అక్కను కూడా శుభ్రం చేసేశాను.

నిన్న కూర తరగడానికి చాకు తీసి, మళ్ళీ పెట్టేసి, కింద కూర్చున్నాను. ఎదురుగా కత్తిపీట లేదు. అయినా కుడికాలు దానంతట అదే ముందుకు సాగింది. అప్పుడు గుర్తొచ్చింది. నీకు చెప్పవలసింది ఇదే.

అక్క పోయాక ఆ పీట మీద కూరలు తరిగింది నేను. కొత్త వంటిల్లు వచ్చేదాకా రోజూ నేనే. నువ్వు దాచుకున్న గుంటలో నా కాలు కూడా ఉంది. కానీ అది నా కాలికి ఎప్పుడూ సరిపోలేదు. నాది పొట్టి పాదం, అక్కది పొడుగు. చిన్నప్పుడు నా చెప్పులు తనకు పట్టేవి కావు, తన చెప్పులు వేసుకుంటే నేను పడిపోయేదాన్ని. గుంటలో మడమ ఆనించి కూర్చుంటే నా వేళ్ళు చివరి దాకా పోయేవి కావు. నా వేళ్ళ ముందు అక్క వేళ్ళకు చోటు మిగిలిపోయేది. రెండు చేతివేళ్ళ వెడల్పు ఉంటుంది, బొటనవేలి దగ్గర ఇంకొంచెం ఎక్కువ. బీరకాయ చెక్కుతూనో, చింతకాయ కొడుతూనో ఆ చోటు వైపు చూసేదాన్ని. అక్కడ కాలు పెట్టకూడదన్నట్టు వేళ్ళు ముడుచుకునేదాన్ని. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతి అని కూడా అనుకోలేదు.

అంత తెలిసినదాన్ని ముసలయ్య రంధా పడుతుంటే పక్కనే నిలబడి, "ఇక్కడ ఇంకా గుంట ఉంది చూడు" అని వేలు పెట్టి చూపించాను.

పిన్ని


చర్ల,
20 అక్టోబర్ 2024

పిన్నీ,

నీ ఉత్తరం మంగ్లికి చదివి వినిపించాను. కోప్పడకు, ఎవరికైనా చెప్పకపోతే ఉండలేకపోయాను. ఆమె కళ్ళు తుడుచుకొని, "గా పిన్నిని ఈడికి తోల్కరా, కుక్కర్ల బువ్వ నేను పెడ్త" అంది.

నువ్వు రా. ఆ చోటు ఎంతో ఇప్పుడు నీ ఒక్కదానికే తెలుసు. ఈ నున్నటి పీట మీద కూర్చొని, గుంట ఉన్నట్టే కాలు పెట్టు. నేను గీస్తాను. బడి ఉండదు గనుక ఆదివారం చూసుకొని రా. బాబాయిని బస్సెక్కించమను.

కాళ్ళకు ఏమీ రాసుకోకుండా రా.

నీ
మనోజ్ఞ


పెనుబల్లి,
22 డిసెంబర్ 2024

అమ్మాయి మనోజ్ఞకు పిన్ని దీవెనలు.

ఖమ్మం నుంచి క్షేమంగా చేరాం. నువ్వు పిల్లలతో బస్సుకు పరుగెత్తావు, మాట్లాడడం కుదరలేదు. మొహం మీద చెప్పలేనిది కూడా ఒకటి ఉంది, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక చిన్న సంగతి. ఆ రోజు చర్లకు బయలుదేరే ముందు మడమలు రాయితో రుద్ది వాజెలిన్ పూసుకున్నాను. వద్దన్నావని తెలిసే పూసుకున్నాను. నువ్వు గమనించే ఉంటావు. బొమ్మలో పగుళ్ళన్నీ ఉన్నాయి. అంటే దాగలేదన్నమాట.

ప్రదర్శనలో, ఆ పిల్ల మళ్ళీ తెచ్చిచ్చిన సొరబుర్ర బొమ్మ పక్కన నా కాలు చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. అంత పెద్ద కాగితం మీద అద్దంలాంటి పీట, దాని మీద పసుపు మరకల కాలు, ముడుచుకున్న వేళ్ళు. వేళ్ళ ముందు కాగితం తెల్లగా, ఏమీ వేయకుండా వదిలేసిన చోటు. సరిగ్గా అంతే. నేను చెప్పినంతే. నువ్వు పిల్లలకు టీ ఇప్పించడానికి బయటికి పోయావు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ నా పక్కకు వచ్చి, "ఇక్కడ బొమ్మ పూర్తి చేయలేదు ఎందుకండీ? ఈ కాలు ఎవరిది?" అని అడిగింది.

తెలియదన్నాను.

నీ ముందు చెప్పుకోవలసింది ఇదే. పీట పాడు చేసినప్పటి కంటే ఎక్కువ సిగ్గుపడ్డాను, అయినా అదే మాట వచ్చింది. చీర కుచ్చిళ్ళ కింద కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. కానీ మన ఊరి బస్సులో మాతో ఎవరు వచ్చారో నీకు తెలుసు కదా. పుష్పలత వెనక నుంచి, "అబద్ధం జెప్పకు వదినా! గా కాలు నాకెరుక లేదా? దినాం చక్కెరకని మా గడప తొక్కుతది" అని హాలంతా వినబడేట్టు అంది. అందరూ నా కాళ్ళ వైపు చూశారు.

నేల చీలితే బాగుండుననిపించింది. ఆ సొరబుర్ర అమ్మాయి అప్పుడే లోపలికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఆ పిల్ల ముందు ఏం చెయ్యను? ఒక చెప్పు విడిచాను. కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకున్నాను. "నాదేనండి. ముందున్న చోటు మా అక్కది" అన్నాను.  కళ్ళజోడావిడ కాసేపు బొమ్మ చూసి, తర్వాత తల వంచి తన కాళ్ళ వైపు చూసుకుంది.

సిగ్గు పోయిందని రాయను. బస్సులో వస్తూ కూడా తల వంచుకునే కూర్చున్నాను. పుష్పలత మాత్రం దారి పొడుగునా, "మా ఇంట్ల గూడ ఒక రోకలున్నది, మీ పిల్లకు పనికొస్తదా?" అని అడుగుతూనే ఉంది.

నువ్వు తిరిగి ఇచ్చిన కత్తిపీట గట్టు కింద పెట్టుకున్నాను. చాకు డబ్బాలోకి పోయింది. కింద కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయి, బాబాయి లేపవలసి వస్తోంది. అయినా కూర అక్కడే తరుగుతున్నాను, మడమ పాత చోటే ఆనిస్తున్నాను, ముందు చోటు వదిలేస్తున్నాను. ఈ పొద్దున వంకాయలు తరిగి పీట తుడవబోతే మడమ ఆనే చోట వార్నిష్ కొంచెం తెల్లబడి కనిపించింది. తడిగుడ్డ చేతిలోనే ఉంది.

తుడవలేదు.

పిన్ని